ఏడు చుక్కల కుక్క

కుక్కను గీయడానికి స్వర్ణలతకు ఏడు చుక్కలు చాలు. పైన రెండు, వాటి కింద కాస్త దగ్గరగా ఇంకో రెండు, మధ్యలో ఒకటి, అడుగున మళ్లీ రెండు. పై చుక్కల నుంచి చెవులు మామిడాకుల్లా వేలాడతాయి. ఆ కింది రెండూ కళ్లు. ఒంటరి చుక్క ముక్కు. అడుగున ఉన్నవి ముందు కాళ్ల పంజాలు. ముగ్గు తిప్పినట్టు చుక్కల చుట్టూ గీత తిప్పుకుంటూ పోతే, పెన్సిల్ సరిగా పట్టుకోవడం రానివాళ్లకు కూడా కాగితం మీద కుక్క వచ్చి కూర్చుంటుంది. తోకకు మాత్రం చుక్క లేదు. కుక్క తోక వంకర ఎలాగూ పోదు కాబట్టి, దాన్ని ఎటు తిప్పుకున్నా తప్పు లేదని ఆమె లెక్క.

ఈ కుక్కకు పట్టేది నాలుగు నిమిషాలు. గీసేముందు గాజులు తొడుక్కోవడానికి, గీశాక సబ్బునీళ్లతో వాటిని తీయడానికి మాత్రం అరగంట పడుతుంది. మౌలాలిలో, గుట్ట కింది సందులో, రెండో అంతస్తు ఫ్లాటులో ప్రతి ఆదివారం ఈ పని జరుగుతుంది. వెనక గది తలుపుకు గడియ పెడతారు. కిటికీకి దుప్పటి కడతారు. ఫ్యాను ఆపేస్తారు. ఫ్యాను తిరిగితే కాగితం ఎగురుతుంది, పైగా దాని చప్పుడు వీడియోలో పడుతుంది. కిటికీ తీస్తే ఎదురింటివాళ్లకు కనబడుతుంది, తలుపు తీస్తే అత్తగారు బాలమ్మకు కనబడుతుంది. ఎవరికీ కనబడకూడనిది కుక్క కాదు, గాజులు. స్వర్ణలత భర్త వేణుమాధవ్ పోయి పదకొండు నెలలైంది.

స్వర్ణలతకు పుట్టినిల్లూ మెట్టినిల్లూ సికింద్రాబాదే. తండ్రి రైల్వేలో పట్టాలు మార్చే ఉద్యోగి. క్వార్టర్స్ ముందు తెల్లారేసరికి ముగ్గు పడకపోతే ఆయనకు టీ దిగేది కాదట. ఆమె చదువు ఇంటర్‌తో ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. కాలనీ పిల్లలందరి సైన్సు రికార్డుల్లో కప్ప పేగులు, మందారపువ్వు నిలువుకోత, మనిషి గుండె అన్నీ ఆమె గీసినవే. మార్కులు వాళ్లవి, వేళ్లకంటిన నలుపు ఈమెది. లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసే వేణుమాధవ్‌తో పెళ్లయ్యాక ఆయన పనికిరాని పాత ఫారాలు కట్టలుగా తెచ్చి ఇచ్చేవాడు. వాటి వెనక తెల్లవైపు ఆమె తోచింది గీసుకునేది. ఆయన చూసి, బాగుందని ఎప్పుడూ అనలేదు. పారేయనూ లేదు.

కరోనా కాలంలో బడులు మూతపడి, కింది ఫ్లాటు పిల్లలు మెట్లమీద చేరి ప్రాణాలు తీస్తుంటే, వాళ్లను కుదురుగా కూర్చోబెట్టడానికి ఆమె ఈ ఏడు చుక్కల కుక్కను కనిపెట్టింది. కూతురు సృజన పైనుంచి సెల్‌ఫోన్ పట్టి ఆ చేతిని వీడియో తీసి యూట్యూబులో పెట్టింది. బొమ్మలు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అని పేరు పెట్టింది. ముఖం లేదు, పేరు లేదు. ఒక చెయ్యి, చేతికి ఆకుపచ్చ మట్టిగాజులు, ఒక పెన్సిల్, అంతే. నెల తిరక్కుండా ఆ కుక్క లక్షల ఇళ్లలోకి వెళ్లింది.

అక్కడి నుంచి కుక్క ఆమెను వదల్లేదు. గొడుగు పట్టిన కుక్క, బోనం ఎత్తిన కుక్క, బ్యాటు పట్టిన కుక్క, నిద్రపోయే కుక్క. నెమలిని గీస్తానంది, గూడ్సు బండిని గీస్తానంది. ఒకసారి సృజన సరేనని గూడ్సు బండి పెట్టింది. చూసినవాళ్లు కొద్దిమంది, వాళ్లు కూడా కుక్క ఏదని అడిగారు. ఆ తర్వాత మళ్లీ బండి మాట రాలేదు. బేగంపేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్న సృజన అది మానేసి పూర్తిగా ఈ చానల్ మీదే కూర్చుంది. కుక్కను పెంచుకుంటే కుక్క మనల్ని తిప్పుతుందని వేణుమాధవ్ నవ్వేవాడు. ఆయన నవ్వినన్నాళ్లూ అదొక సరదాగానే ఉంది.

నిరుడు వినాయకచవితి అయిన వారానికి, డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ విప్పుతూ ఆయన పక్కకు ఒరిగిపోయాడు. పదో రోజున చుట్టాలంతా చేరి, ఆనవాయితీ ప్రకారం గాజులు పగలగొట్టాలన్నారు. బాలమ్మ ఒప్పుకోలేదు. పగలగొడితే చేతికి గుచ్చుకుంటాయని, తనే కోడలి చేతికి సబ్బు రాసి ఒక్కొక్కటే తీసింది. తీసిందంతా దయతోనే. కానీ తీయకుండా ఉండవచ్చన్న ఆలోచన ఆమెకు రాలేదు, వచ్చినా నోటిదాకా రాలేదు.

అంతకుముందు తీసి పెట్టుకున్న వీడియోలతో జనవరి దాకా గడిచింది. అవి అయిపోయాక ఒక సాయంత్రం సృజన తల్లి పక్కన వచ్చి కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“మమ్మీ, చెయ్యి మారిందనుకుంటరు. కంటిన్యూటీ పోతది. జెర కెమెరా ముందల మాత్రం గాజులు వేసుకో. ఎవ్వరికి తెల్వదు.”

ఆ పిల్లను తప్పు పట్టడం తేలిక. తండ్రి పోయిన బాధ దానికీ ఉంది, దాని బతుకూ ఆ చేతిమీదే ఆధారపడి ఉంది. స్వర్ణలత సరేనంది. జనరల్ బజార్‌కు సృజన ఒక్కతే వెళ్లి, అదే కొలత, అదే ఆకుపచ్చ, రెండు డజన్లు తెచ్చింది. బాలమ్మకు మాత్రం గాజుల్లేకుండానే గీస్తున్నామని చెప్పారు. శుక్లాల కళ్లతో ఆవిడ సెల్‌ఫోన్‌లో ఏమీ చూడలేదు కాబట్టి ఆ అబద్ధం నిలిచింది.

ఇక అప్పటినుంచి స్వర్ణలతకు రెండు చేతులు కాదు, నాలుగు చేతులు. ఆదివారానికి ఒక జత, మిగతా ఆరు రోజులకు ఒక జత. వేలికి గాటు పడుతుందని కూతురు కూర తరగనివ్వదు. చర్మం పగులుతుందని వాకిట్లో ముగ్గు వేయనివ్వదు. గోరింటాకు సంగతి అడగనక్కర్లేదు, దానికి ఇటు కెమెరా ఒప్పుకోదు, అటు లోకం ఒప్పుకోదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆమెకు ఆ రెండింటి మధ్య నిలబడే చోటు ఒక గది వెడల్పు. గదిలో గాజులు తొడుక్కున్న ప్రతిసారీ భర్త బతికున్నట్టు ఒక్క క్షణం అనిపించేది. సబ్బు రాసి తీసిన ప్రతిసారీ పదో రోజు మళ్లీ వచ్చేది. భర్త ఎవరికైనా ఒకేసారి పోతాడు, స్వర్ణలతకు ప్రతి ఆదివారం పోయేవాడు. ఈ మాట కూతురికి చెబుదామని చాలాసార్లు అనుకుంది. చెబితే ఆ పిల్ల ఏడుస్తుంది, ఏడ్చి ఇంకేం చేయాలని అడుగుతుంది. 

శ్రావణమాసంలో ఒక ఆదివారం బాలమ్మ ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న కూతురు రజిత ఇంటికి వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు కదా అని ఆ పూట గడియ పెట్టలేదు. సగంలో మెమరీ కార్డు పాడైందని సృజన కొత్తది కొనడానికి కిందికి పరుగెత్తింది. గాజుల చేతులతో స్వర్ణలత అలాగే కూర్చుంది. బెల్లు మోగింది. కూతురే తాళంచెవి మరిచిపోయిందనుకుని వెళ్లి తలుపు తీసింది.

ఎదురుగా కుంకుమభరిణె పట్టుకుని ఒక పెద్దావిడ. పేరు వీరరాఘవమ్మ అని, కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి నెలరోజులే అయిందని, పై అంతస్తులోనే ఉంటున్నామని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతమట. సాయంత్రం పేరంటమట. బొట్టు పెట్టి పిలవడానికి గుమ్మం గుమ్మానికీ తిరుగుతోంది. ఆవిడ చూపు స్వర్ణలత ముంజేతుల మీద పడింది. చేతినిండా పచ్చగాజులు. నుదుట మాత్రం ఏమీ లేదు. పనిలో చెమటకు బొట్టు చెరిగిపోయిందనుకుంది కాబోలు.

“బొట్టు చెరిగిపోయింది చూసుకోలేదేంటండీ,” అంటూ చెయ్యి చాచి కుంకుమ పెట్టేసింది.

వద్దండీ అనడానికి సమయం ఉంది. చెయ్యి భరిణెలోకి వెళ్లి, వేలికి కుంకుమ అంటి, నుదుటి దాకా వచ్చేలోపు ఒక వాక్యం పూర్తిగా చెప్పవచ్చు. స్వర్ణలత చెప్పలేదు. చెప్పలేక కాదు, చెప్పాలనిపించలేదు. పదకొండు నెలలుగా ఆమెను ఎవరూ దేనికీ పిలవలేదు. సందులో ఎదురైన ఆడవాళ్లు బాగానే పలకరించేవాళ్లు, కానీ చేతిలో భరిణె ఉంటే మాత్రం ఈ గుమ్మం దాటి పక్క గుమ్మానికి వెళ్లేవాళ్లు. నుదుట వేలు ఆనగానే ఆమెకు సంతోషం వేసింది. సిగ్గులేని సంతోషమని తనను తానే తిట్టుకుంది, అయినా వేసింది.

ఆవిడ వెళ్లాక బీరువా అద్దంలో చూసుకుని భయపడింది. సృజన వచ్చి సంగతి విని, ఇందులో ఇంత పరేషాన్ ఎందుకని, శుక్రవారం ఫీవర్ అని చెబితే సరిపోతుందని తేల్చేసింది. తర్వాత కార్డు పెట్టి మిగతా కుక్కను పూర్తి చేయించింది.

సాయంత్రం బాలమ్మ వచ్చింది. స్వర్ణలత నుదురు రెండుసార్లు కడుక్కున్నా పాపిటి మొదట్లో ఎరుపు మిగిలింది. మసక కళ్లే అయినా దగ్గరికి వచ్చి కూర్చున్న మనిషి, అదేమిటని అడిగింది. స్వర్ణలత ఇక దాచలేకపోయింది. కుంకుమతో మొదలుపెట్టి గాజుల దాకా అన్నీ చెప్పేసింది. తిట్లు పడతాయని తలవంచుకుంది.

“గాజుల ముచ్చట నాకెరుకే బిడ్డా,” అంది బాలమ్మ. “సూపు పోయింది గని చెవులు పోలే. ఐతారం ఐతారం తలుపెనుక గలగల వినబడుతనే ఉంటది. ఎవరికి చెప్తం? కడుపు చించుకుంటే కాళ్ల మీదనే గద పడేది.”

కోడలి తల పైకెత్తి మళ్లీ అంది.

“శుక్రారం నువ్వు పోకు. నీకు జరమని నేను చెప్త. నాకు సుత మీ మామ పోయినప్పటి సంది, ముప్పై రెండేండ్లు, శ్రావణ శుక్రారమొస్తె జరమే.”

స్వర్ణలతకు ఈ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక మాత్రం పాత శ్రావణాలన్నీ గుర్తొచ్చాయి. తాను కాపురానికి వచ్చిన మొదటి శ్రావణం నుంచి చూస్తూనే ఉంది, శుక్రవారాలు అత్త దుప్పటి కప్పుకుని పడుకునేది. జ్వరమంటే జావ కాచి పక్కన పెట్టి, తలలో పూలు సర్దుకుని తాను పేరంటాలకు వెళ్లేది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ నుదురు తాకి చూసిందా? తాకితే చల్లగా ఉండేదని ఇప్పుడు తెలిసింది. ఆ జ్వరం ఇప్పుడు తనకు వస్తోంది. కూతురు చెప్పమంది, అత్త తానే చెబుతానంది. ఇంకో ముప్పై ఏళ్లు ఆ దుప్పటి కింద తాను పడుకుని ఉండటం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

ఆమె ఆ జ్వరం మాటను మింగలేక కక్కలేక నాలుగు రోజులు గడిపింది. చివరికి ఒకటి నిశ్చయించుకుంది. పేరంటానికి వెళ్లదు, జ్వరమనీ చెప్పదు. ఎవరూ రాకముందే పైకి వెళ్లి, జరిగింది చెప్పి, తప్పయిందని వచ్చేస్తుంది.

శుక్రవారం మూడున్నరకు మెట్లెక్కింది. చేతులు బోసిగా ఉన్నాయి. వీరరాఘవమ్మ తలుపు తీసి, నవ్వబోయి, ముంజేతులు చూసి ఆగిపోయింది.

“మా ఆయన పోయి పదకొండు నెలలైంది,” అంది స్వర్ణలత. “ఆ దినం చెప్పకపోయిన. తప్పు నాదే.”

వీరరాఘవమ్మ చెడ్డమనిషి కాదు. ఆవిడ ముఖంలో ముందు జాలి వచ్చింది, వెంటనే భయం వచ్చింది, కళ్లు వెనక్కి కలశం వైపు తిరిగాయి. అంతలో కింది మెట్లమీద పట్టుచీరల గరగర, మాటలు. పేరంటాళ్లు ముందే వచ్చేస్తున్నారు. ఏం చేయాలో తోచక ఆవిడ స్వర్ణలత చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, పక్కనున్న చిన్న గదిలోకి పంపి, ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండమ్మా అని తలుపు దగ్గరగా వేసింది. వాళ్ల కళ్ల పడి ఈమె చిన్నబోకూడదని కొంత, తన వ్రతం చెడకూడదని కొంత. ఏది ఎంతో ఆవిడకే తెలియదు.

మళ్లీ గది, మళ్లీ తలుపు. అవతల గాజుల గలగల. ఈసారి గాజులు అవతల, తాను ఇవతల. స్వర్ణలతకు నవ్వు కూడా వచ్చింది.

మంచం మీద ఏడేళ్ల పిల్ల పట్టులంగా నలగకుండా కూర్చుని ఉంది. ఆవిడ మనవరాలు యోగిత. హాల్లో అల్లరి చేయకుండా ఉండమని గదిలో పెట్టారట. ఎదురుగా డ్రాయింగు పుస్తకం. ఏదో జంతువును గీసి గీసి చెరిపి కాగితం చిరిగేదాకా తెచ్చింది. ఊరికే కూర్చోలేక స్వర్ణలత పెన్సిల్ అందుకుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. రెండు, రెండు, ఒకటి. అడుగు చుక్కలు ఇంకా పెట్టనే లేదు, పిల్ల ఆ చేతిని చూసి మోకాళ్ల మీద లేచింది.

“మీరు కుక్క ఆంటీ కదూ?”

స్వర్ణలత పెన్సిల్ ఆపింది.

“ఎట్ల గుర్తుపట్టినవ్? గాజులు లేవు గద.”

“ఏ గాజులు?” అంది యోగిత.

పిల్ల నిజంగానే అడుగుతోంది. తాను రోజూ చూస్తుందట, అన్ని కుక్కలూ చూసిందట. గాజులు మాత్రం ఎప్పుడూ చూడలేదట. చుక్క పెట్టేటప్పుడు ఆంటీ చిటికెన వేలు పైకి లేస్తుందట, అందుకని గుర్తుపట్టిందట. ఇలా అని తన చిటికెన వేలు లేపి చూపించింది.

స్వర్ణలత తన చిటికెన వేలి వైపు చూసుకుంది. ముగ్గుపిండి జారకుండా పట్టుకోవడానికి చిన్నప్పుడు అలవాటైన వేలు అది. జనవరి నుంచి ఎన్ని ఆదివారాలు? ఎంత సబ్బు? దుప్పటి కట్టిన కిటికీ వెనక, ఫ్యాను లేని ఉక్కలో ఎవరి కోసం తొడుక్కుంది ఆ గాజులు? చూసేవాళ్లు వాటిని చూడనే లేదు. వాటి గురించి ఆలోచించింది తన ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఆమెకు ఏడుపు వచ్చింది. పిల్ల ముందు ఏడవకూడదని అడుగు చుక్కలు రెండూ పెట్టి, గీత తిప్పి, పంజాలు పూర్తి చేసింది. తోక నువ్వు పెట్టుకో అని పెన్సిల్ పిల్లకు ఇచ్చేసింది.

అయిదు నిమిషాలు పదిహేనయ్యాయి. ఎవరూ రాలేదు. వాళ్లు వెళ్లిపోయేదాకా ఇక్కడే ఉండాలని ఆమెకు అర్థమైంది. నానమ్మ పిలిచేదాకా తలుపు తీయకూడదని యోగిత జాగ్రత్త చెప్పింది. స్వర్ణలత లేచి, చీర సర్దుకుని, తలుపు తీసింది.

హాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు. కింది ఫ్లాటు లచ్చమ్మకు సంగతంతా తెలుసు, పదో రోజున వచ్చింది కూడా. ఆమె మాట మధ్యలో ఆపేసింది. ఒకరి వెంట ఒకరు అందరూ ఆపారు. బయటికి వెళ్లే గుమ్మం నాలుగు అడుగుల దూరంలో ఉంది, అక్కడ సృజన నిలబడి ఉంది. ఇంట్లో తల్లి కనబడక వెతుక్కుంటూ వచ్చినట్టుంది, రమ్మని కళ్లతోనే పిలుస్తోంది. స్వర్ణలత అటు వెళ్లలేదు. లచ్చమ్మ పక్కన జంపఖానా ఖాళీగా ఉంటే కూర్చుంది. లచ్చమ్మ తన కొంగు దగ్గరికి లాక్కుంది. చోటివ్వడానికో, తగలకుండానో చెప్పడం కష్టం.

వీరరాఘవమ్మ పళ్లెంతో వరసగా వస్తోంది. కుంకుమ, నానబెట్టిన శనగలు, రవికగుడ్డ, రెండేసి గాజులు. స్వర్ణలత ముందుకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. 

“బొట్టు పెట్టి పిలిచిన్రు, వచ్చిన,” అంది స్వర్ణలత.  “గాజులు ఒద్దు. తలుపేసుకుని తొడుక్కునేటియి మా ఇంట్ల రెండు డజన్లున్నయి. ఈ ఐతారం సంది అవి సుత తొడుక్కోను. శనగలు పెట్టుండ్రి.”

గుమ్మంలో సృజన కళ్లతో పిలవడం మానేసింది. వీరరాఘవమ్మ కొంతసేపు పళ్లెం కేసి చూసింది. తర్వాత వంగి, గాజులు పక్కకు జరిపి, దోసిలి నిండా శనగలు తీసి ఆ బోసి చేతుల్లో పోసింది. పోస్తుంటే నాలుగు గింజలు కిందపడ్డాయి.

“ఇంకింత పెట్టుండ్రి, మా అత్తకు,” అంది స్వర్ణలత. “ఆమెకు జరం లేదు.”

వీరరాఘవమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అయినా విస్తరాకులో ఇంకో పొట్లం కట్టి ఇచ్చింది. స్వర్ణలత దాన్ని ఒళ్లో పెట్టుకుని, పేరంటం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంది.